టికెట్టు కొనగలిగినవారికే ఓటా?

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటను ప్రపంచానికి పరిచయం చేసింది ముగ్గురాయి. ఒకేచోట ఇంత పెద్ద ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలో మరెక్కడా లేదని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడి పైకి తన్నకుండా ఉండేందుకు బావిలోకి పంపే బురదకు బరువు కావాలి. ఆ బరువునిచ్చేది ముగ్గురాయి పొడి. అందుకే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ తవ్వితీసే రాయి గల్ఫ్ చమురు క్షేత్రాల దాకా వెళుతుంది. రాయి వెళ్లిన దిక్కుకే మనుషులూ వెళ్లారు. కోడూరు, రాజంపేట, రాయచోటి ప్రాంతాలలో కువైట్‌తో సంబంధం లేని ఊరు అరుదు. రాయి వెళ్లడానికి రైలు మార్గం ఉంది, రేవు ఉంది, ఎగుమతి విధానం ఉంది. కువైట్ వెళ్లిన మనిషి ఓటు మాత్రం ఊరికి తిరిగి రావడానికి దారి లేదు.

ప్రవాసుల ఓటు గురించి మన పత్రికలలో చర్చ జరిగినప్పుడల్లా కళ్లముందు కదిలేది అమెరికా ప్రవాసులే. 2024 మే 13 పోలింగుకు అమెరికా నుంచి విమానాలెక్కి వచ్చినవారి ఫొటోలు, వారి ఉత్సాహం, వారి వాదనలు మనం చూశాం. ఓటు వేయాలా వద్దా అన్నది వారికి ఒక నిర్ణయం. సెలవు పెట్టగలరు, టికెట్టు కొనగలరు, వచ్చి వెళ్లగలరు. కువైట్‌లో ఇంటిపని చేసే కోడూరు ప్రాంతపు దళిత స్త్రీకి అదే ప్రశ్న వేస్తే అది ప్రశ్నగానే నిలవదు. ఆమె తరఫున ఆ నిర్ణయాన్ని చట్టమూ, యజమానీ, టికెట్టు ధరా ముందే తీసేసుకున్నాయి. కుల ప్రశ్నను పట్టించుకునేవారు ప్రవాస ఓటును చూడవలసింది ఈ చోటు నుంచే.

ముందుగా చట్టం సంగతి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ ద్వారా 20ఏ సెక్షన్ వచ్చింది. 2011 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది. మరే దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా ఉద్యోగం, చదువు లేదా ఇతర కారణాలతో విదేశంలో ఉన్న భారత పౌరుడు, పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామాకు చెందిన నియోజకవర్గంలో ఫారం 6ఏ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చు. అంతవరకు బాగానే ఉంది. అయితే ఓటు వేయాలంటే పోలింగు రోజున స్వయంగా ఆ బూతుకు రావాలి, అసలు పాస్‌పోర్టు చూపాలి. విదేశీ ఓటరుగా నమోదైనవారికి ఓటరు కార్డు ఇవ్వరు, అంతకుముందు ఉన్న కార్డును తిరిగి ఇచ్చేయాలి. శాశ్వతంగా తిరిగివచ్చాక సాధారణ ఓటరుగా మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. పేదవాడి గుర్తింపుకు ఆధారమైన కాగితాలలో ఓటరు కార్డు ఒకటి. వాడుకోలేని హక్కు కోసం చేతిలో ఉన్న కార్డును వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు?

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తంమీద నమోదైన విదేశీ ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటు వేసినవారు 2,958 మంది. అందులో 2,670 మంది ఒక్క కేరళవారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదైతే ఓటు వేసినవారు 195 మంది. ఒక్క కువైట్‌లోనే దాదాపు పది లక్షల మంది భారతీయులున్నారన్న సంగతి పక్కన పెట్టుకుని ఈ అంకెలు చదవాలి. విమానాశ్రయంలో కనిపించిన సందడికీ, విదేశీ ఓటరుగా నమోదై ఓటు వేసినవారి సంఖ్యకూ పొంతన లేదు. దీనికి ఒక కారణం, విదేశంలో ఉన్నవారిలో చాలామంది పేర్లు ఇంకా ఊరి సాధారణ జాబితాలోనే ఉండడం. ఆ విషయానికి తర్వాత వద్దాం.

కువైట్‌లో ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 60 దీనార్లు. రానూపోనూ విమాన టికెట్టుకు అది చాలని సందర్భాలే ఎక్కువ. ఇంటిపని ఒప్పందం సాధారణంగా రెండేళ్లది. రెండేళ్లకొకసారి దొరికే సెలవును కూతురి పెళ్లికో, తల్లి వైద్యానికో, అప్పు సర్దుబాటుకో దాచుకుంటారు. దాన్ని పోలింగు తేదీకి ముడిపెట్టే స్థోమత ఎవరికీ ఉండదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం అక్కడి చట్టం ఒప్పుకోకపోయినా గల్ఫ్ అంతటా పాతుకుపోయిన అలవాటు. పైగా 2025 జూలై 1 నుంచి అక్కడి ప్రైవేటు రంగంలో పనిచేసే విదేశీ కార్మికులు దేశం దాటాలంటే యజమాని అనుమతి తప్పనిసరి చేశారు. భారత రాజ్యాంగం ఇచ్చిన హక్కును వాడుకోవడానికి ఒక విదేశీ యజమాని సంతకం అవసరమవుతోందన్నమాట.

ఇక్కడ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిచ్చిన నాటి నుంచి అంబేడ్కర్ పట్టుబట్టిన అంశాలలో ఓటు హక్కు ప్రధానమైనది. ఆనాటి ఓటు భూమిశిస్తుకూ, పన్నుకూ ముడిపడి ఉండేది. భూమి లేనివారికి, పన్ను కట్టే ఆదాయం లేనివారికి ఓటు లేదు. అస్పృశ్యులను పేరుపెట్టి మినహాయించాల్సిన అవసరమే రాలేదు. ఆస్తి అర్హత ఆ పనిని నిశ్శబ్దంగా చేసిపెట్టింది. అందుకే 1928లో సైమన్ కమిషన్ ముందు ఆయన వయోజన ఓటు హక్కును కోరారు. రాజ్యాంగం ఆ అర్హతను తుడిచేసింది. ప్రవాసుల విషయంలో 20ఏ సెక్షన్ దాన్ని మరో రూపంలో తిరిగి తెచ్చింది. శిస్తు రసీదు స్థానంలో విమాన టికెట్టు వచ్చింది. చట్టంలో ఏ కులం పేరూ లేదు, ఏ వర్గాన్నీ కాదనలేదు. అయినా ఎవరు ఓటు వేయగలరు, ఎవరు వేయలేరు అన్నది చూస్తే పాత గీతే మళ్లీ కనిపిస్తుంది.

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లేవారిలో అన్ని కులాలవారూ ఉన్నారు. వర్షాధార సేద్యం దెబ్బతిన్న ఏ ఇంటికైనా అది ఒక దారి. కానీ ఇంటిపనికి వెళ్లే స్త్రీలలో దళిత, వెనుకబడిన కులాల, ముస్లిం కుటుంబాలవారే ఎక్కువ. పదో తరగతి దాటని చదువు, ముప్పై ఏళ్లు దాటితేగాని అనుమతించని వలస నిబంధనలు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలన్న నియమాన్ని తప్పించి పంపే దళారులు, ఇవన్నీ దాటుకుని వెళ్లిన మనుషులు వారు. సముద్రం దాటినా పని మారలేదు. ఊరిలో భూస్వామి ఇంట ఊడ్చి తోమిన చేతులకు అక్కడా అదే పని. ఆ జీతంతో ఇక్కడ పక్కా ఇల్లు లేచింది, పిల్లలు ఇంజినీరింగు కాలేజీకి వెళ్లారు, పెద్దల ముందు చేతులు కట్టుకునే అవసరం కొంత తగ్గింది. ఆర్థికంగా వచ్చిన ఆ మార్పు రాజకీయంగా ఎందుకు కనిపించడం లేదన్నది అడగవలసిన ప్రశ్న.

మంగంపేట ఉన్న రైల్వే కోడూరు శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినది. రిజర్వుడు స్థానంలో పోటీపడేవారంతా దళితులే. గెలిపించేది మాత్రం అన్ని కులాల ఓట్లూ. 1932 నాటి పూనా ఒప్పందం ద్వారా వచ్చిన ఉమ్మడి నియోజకవర్గం స్వభావమే అది. అక్కడ దళిత అభ్యర్థి ఎవరి మాట వినాలి అన్నది ఎవరి ఓట్లు పెట్టెలో పడతాయన్నదాన్ని బట్టి తేలుతుంది. దళితవాడల నుంచి పనిచేసే వయసు స్త్రీపురుషులు పెద్దసంఖ్యలో కువైట్‌లో ఉండిపోతే, పోలింగు రోజున ఆ వాడల బలం జనాభా లెక్కలో ఉన్నంత ఉండదు. అభ్యర్థి ఎంపికలో, ప్రచార వనరులలో ఇప్పటికే పైచేయిగా ఉన్న ఆధిపత్య కులాల నాయకత్వానికి ఆ లోటు మరింత బలమవుతుంది. రిజర్వేషను ఉన్నచోట కూడా దళిత ప్రతినిధి దళితులకు జవాబుదారీగా ఉండలేకపోవడానికి ఉన్న అనేక కారణాలలో వలస ఒకటి. దీన్ని మనం ఇప్పటివరకు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు.

ఇది కేవలం సూత్రం గొడవ కాదు. గని విస్తరిస్తుంటే దానికి ఆనుకుని ఉన్న ఇళ్ల తరలింపు, పరిహారం, పునరావాస స్థలం, మిల్లుల దుమ్ము, స్థానికులకు ఉద్యోగాలు, ఇవన్నీ మంగంపేట చుట్టుపక్కల నిత్యం నలిగే విషయాలు. గోడ కట్టడానికి కువైట్ నుంచి డబ్బు పంపిన స్త్రీకి ఆ గోడ ఎక్కడ ఉండాలో, తీసేస్తే ఎంత ఇవ్వాలో నిర్ణయించే ప్రతినిధిని ఎన్నుకునే చోట గొంతు లేదు. పంచాయతీ ఎన్నికలలోనైతే కొద్దిపాటి ఓట్లతో వార్డులు, సర్పంచ్ పదవులు చేతులు మారతాయి. అక్కడ పదిమంది లేకపోవడం పెద్ద తేడా.

దూరంగా ఉన్నవారికి ఇక్కడి ప్రభుత్వాన్ని నిర్ణయించే హక్కు ఎందుకు, మంచిచెడ్డలు అనుభవించేది ఇక్కడివారు కదా అన్న వాదన ఒకటుంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే అది ఎవరికి వర్తిస్తుందో చూడాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారికి భారతదేశంలో ఓటు లేదు. విదేశీ భారత పౌరులుగా కార్డు ఉన్నా ఓటు రాదు. అయినా ఇక్కడి రాజకీయాల మీద వారి ప్రభావం తక్కువేమీ కాదు. ప్రవాస సంఘాల వేదికల మీద ఇక్కడి నాయకులు వరుసకడతారు, కుల సమీకరణలు సముద్రం దాటి అక్కడ స్థిరపడతాయి, సామాజిక మాధ్యమాల ప్రచారం అక్కడి నుంచి సాగుతుంది. అమెరికాలో వ్యాపారవేత్తగా ఎదిగిన వైద్యుడు పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో 5,700 కోట్ల రూపాయలకు పైగా కుటుంబ ఆస్తులు ప్రకటించి గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు, కేంద్ర సహాయమంత్రి అయ్యారు. గుడివాడ శాసనసభ్యుడు వెనిగండ్ల రాము కూడా అమెరికా ప్రవాసం నుంచి వచ్చినవారే. అది వారి హక్కు, ఓటర్ల తీర్పు. తప్పుపట్టవలసినది లేదు. కానీ ఒక ప్రవాసానికి చట్టసభ దాకా దారి ఉండి, మరో ప్రవాసానికి పోలింగు బూతు దాకా కూడా లేకపోవడం గమనించాలి.

కువైట్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ముప్పై ఏళ్లు పనిచేసినా అక్కడ పౌరసత్వం రాదు. వీసా ముగిసిన రోజున ఇంటికి రావలసిందే. 1990 ఆగస్టులో ఇరాక్ దండెత్తినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాలలో తెచ్చినప్పుడు, వారంతా తిరిగి వచ్చింది ఈ ఊళ్లకే. 2024లో కువైట్ ప్రభుత్వం మార్చి 17 నుంచి జూన్ చివరి దాకా క్షమాభిక్ష ఇచ్చింది. పత్రాలు లేక చిక్కుకున్నవారు ఇళ్లకు చేరే ఆ నెలలలోనే మన రాష్ట్రంలో ఎన్నికలు జరిగాయి. ఓట్ల లెక్కింపు ముగిసిన ఎనిమిది రోజులకు, జూన్ 12న, మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలి 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ఆంధ్రప్రదేశ్ వారూ ఉన్నారు. రాయబార కార్యాలయం ఎలా స్పందించాలి, మృతదేహం ఎన్ని రోజులలో రావాలి, పరిహారం ఎంత, మోసం చేసిన దళారీ మీద కేసు నడుస్తుందా లేదా అన్నవన్నీ ఇక్కడి ప్రభుత్వాల పనులే. ఈ ప్రభుత్వాల మంచిచెడ్డలు గల్ఫ్ కార్మికుడు అనుభవించినంతగా మరే ప్రవాసీ అనుభవించడు.

పరిష్కారం కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. లండన్‌లో ఉండే తెలుగువాడు నాగేందర్ చిందం, కేరళకు చెందిన వైద్యుడు షంషీర్ వయలిల్ వంటివారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. తమ బదులు మరొకరు ఓటు వేసే వీలు కల్పించే బిల్లు 2018లో లోక్‌సభ ఆమోదం పొంది, రాజ్యసభకు చేరాక 2019లో సభ రద్దుతో మురిగిపోయింది. అది మురిగిపోవడమే మేలు. భర్తకో, అన్నకో, ఊరిపెద్దకో తన ఓటును అప్పగించిన స్త్రీకి మిగిలేది ఏమిటి? 2020 నవంబరులో ఎన్నికల సంఘం మరో ప్రతిపాదన పంపింది. సైనికులకు ఇప్పటికే ఉన్న పద్ధతిలో బ్యాలెట్టును ఎలక్ట్రానిక్‌గా పంపి, తపాలాలో తిరిగి తీసుకోవచ్చన్నది. 2019లో దాదాపు 18 లక్షల సర్వీసు ఓటర్లకు ఈ పద్ధతి వర్తింపజేస్తే 10 లక్షలకు పైగా ఓట్లు తిరిగివచ్చాయి. కాబట్టి సాధ్యం కాదనే మాట చెల్లదు.

అయితే ఆ ప్రతిపాదన మొదటి విడతలో ఏ దేశాలు ఉండాలన్న చర్చ మీద అప్పట్లో పత్రికలలో వచ్చిన వార్తలు చూడదగినవి. అమెరికా, కెనడా, న్యూజిలాండ్, జపాన్, ఆస్ట్రేలియా, జర్మనీ, ఫ్రాన్స్, దక్షిణాఫ్రికా ఆ జాబితాలో ఉన్నాయి. గల్ఫ్ దేశాలు లేవు. ప్రజాస్వామ్యం లేని దేశాలలో ఎన్నికల ప్రక్రియకు అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలన్నది కారణం. కారణం దౌత్యపరమైనదే కావచ్చు. కానీ ఫలితం ఏమిటి? టికెట్టు కొనగలిగినవారికి తపాలా ఓటు, కొనలేనివారికి ఎదురుచూపు.

ఈ కారణం కూడా నిలిచేది కాదనడానికి ఫిలిప్పీన్స్ సాక్ష్యం. ఆ దేశం 2003లో ప్రవాస ఓటు చట్టం చేసి, 2004 ఎన్నికల నుంచి రాయబార కార్యాలయాలలో ఓటింగు జరుపుతోంది. కువైట్‌లోని ఇంటిపనివారిలో ఫిలిప్పీన్స్ స్త్రీలు పెద్దసంఖ్యలో ఉన్నారు. వారికి ఓటింగు గడువు ఒక్కరోజు కాదు, దాదాపు నెల. సెలవు దొరికిన రోజున వెళ్లి వేయవచ్చు. ఒకే ఇంట్లో పనిచేసే ఇద్దరు స్త్రీలలో ఫిలిప్పీన్స్ స్త్రీ తన దేశాధ్యక్షుడిని ఎన్నుకుంటుంది, కోడూరు స్త్రీ తన వార్డు మెంబరును కూడా ఎన్నుకోలేదు. ఇద్దరికీ యజమాని ఒకరే, అక్కడి చట్టమూ ఒకటే. తేడా వారి స్వదేశాలలో ఉంది.

తపాలా ఓటులో ప్రమాదాలు లేవా? ఉన్నాయి. యజమాని ఇంట్లో, కార్మికుల వసతి గదులలో, పార్టీ మనుషుల కళ్లముందు గుర్తుపెట్టే బ్యాలెట్టుకు రహస్యం ఉండదు. కుల సంఘాల పెద్దలు బ్యాలెట్లు పోగుచేసే పరిస్థితి రావచ్చు. అందువల్ల గల్ఫ్‌కు సరిపోయేది రాయబార కార్యాలయంలో తెర వెనుక వేసే ఓటు, అదీ అనేక రోజుల గడువుతో. దళితవాడ ఓటు రహస్యంగా ఉండడం ఎంత విలువైనదో ఈ ప్రాంతపు ఎన్నికల చరిత్ర తెలిసినవారికి వివరించనక్కరలేదు.

ఓటరు జాబితా ప్రమాదం వీటన్నిటికంటే దగ్గరలో ఉంది. గల్ఫ్ కార్మికులలో చాలామంది ఫారం 6ఏ జోలికి పోలేదు. వారి పేర్లు ఊరి సాధారణ జాబితాలో ఉన్నాయి. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోయినట్టు కాదని చట్టమే చెబుతోంది. కానీ 2025లో బీహార్‌లో జరిగిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు తొలగిపోయాయి. మరణించినవారు, రెండుచోట్ల ఉన్నవారితోపాటు, ఊరు విడిచి వెళ్లారని నమోదైనవారూ వారిలో ఉన్నారు. అలాంటి వడపోత ఇక్కడ జరిగినప్పుడు తలుపు తట్టే అధికారికి కువైట్‌లో ఉన్న స్త్రీ తరఫున ఎవరు జవాబు చెబుతారు? ముసలి తల్లి చెప్పిన మాటను కాగితం మీద ఎవరు ఎలా రాస్తారు? పేరు పోతే, తిరిగివచ్చాక కూడా ఆమె మొదటి నుంచి నిరూపించుకోవాలి. పేరు ఉండి మనిషి లేకపోతే, ఆ ఓటు మరొకరు వేసే ముప్పు. రెండు విధాలా నష్టపోయేది ఆమే.

కేరళ ఓటర్లు ముందుండడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. గల్ఫ్‌లోని వారి సంఘాలు ఎన్నికల వేళ విమానాలు ఏర్పాటు చేశాయి, నమోదు శిబిరాలు పెట్టాయి. ప్రవాసులను ఓటర్లుగా పార్టీలు గుర్తించాయి. గుర్తించిన చోట విధానాలూ వచ్చాయి. తెలంగాణలో గల్ఫ్ కుటుంబాలు సంఘటితమయ్యాకే, గల్ఫ్‌లో మరణించిన కార్మికుని కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం 2024లో ప్రభుత్వ ఉత్తర్వుగా వచ్చింది. కడప జిల్లా గల్ఫ్ కుటుంబాలు అంతటి సంఘటిత శక్తిగా ఇంకా ముందుకు రావలసి ఉంది.

కాబట్టి చేయవలసినవి స్పష్టమే. ప్రవాస ఓటు ప్రయోగం ఎప్పుడు మొదలైనా కువైట్ మొదటి జాబితాలో ఉండాలని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేయాలి. ఈ ప్రాంత ఎంపీలు పార్లమెంటులో అడగాలి. ఓటరు జాబితా సవరణలో విదేశంలో పనిచేసేవారి పేరు తీసేముందు కుటుంబానికి లిఖితపూర్వక నోటీసు ఇచ్చి, గ్రామసభలో చదివి వినిపించాలి. ఓటరు కార్డును తిరిగి ఇచ్చేయాలన్న షరతు పోవాలి. దళిత, వెనుకబడిన కులాల సంఘాలు వాడవాడలా వలసవెళ్లినవారి జాబితా తయారు చేసుకోవాలి. కువైట్‌లో అంబేడ్కర్ జయంతి జరుపుకునే తెలుగు సంఘాలు ఆ రోజున నమోదు పనికి కూడా ఒక బల్ల వేయాలి.

ఓటు వేయాలా వద్దా అన్నది ఆ స్త్రీ నిర్ణయించుకోవలసిన విషయం. ఎవరికీ వేయకూడదని ఆమె అనుకోవచ్చు, పార్టీలన్నీ ఒకటేనని విసుగుచెందవచ్చు. అది ఆమె ఇష్టం. ఆ ఇష్టాన్ని వాడుకునే వీలు ముందు ఆమె చేతికి రావాలి.